తల మంటపుట్టి జుట్టు రాలుతుంటే: షాంపూనా, సూదా, బయాప్సీనా?

నా జబ్బు నాకు మొదట తెలిసింది దువ్వెనలో కాదు, ఎండలో. హైదరాబాద్ ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడితే నడినెత్తిన రూపాయి బిళ్లంత చోట చురుక్కుమనేది. చెయ్యి అక్కడికే పోయేది. చుండ్రు అయ్యుంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఎనిమిది నెలలు నాలుగు షాంపూలు మార్చాను. తర్వాత ఒక హెయిర్ క్లినిక్‌లో ఆరు సిట్టింగుల పీఆర్పీ (మన రక్తంలోంచే తీసిన ద్రవాన్ని తలలోకి సూదులతో ఎక్కించడం) ప్యాకేజీకి డబ్బు కట్టాను. మూడో సిట్టింగ్ అయ్యేదాకా అక్కడ ఎవరూ నా తలను భూతద్దంతో చూడలేదు. చివరికి ఒక స్కిన్ డాక్టరమ్మ చూసి, బియ్యపు గింజంత ముక్కలు రెండు తీసి పరీక్షకు పంపితే (దీన్నే బయాప్సీ అంటారు) తేలింది: లైకెన్ ప్లానోపిలారిస్, కుదుళ్ల చుట్టూ వాపు వచ్చి వాటిని చంపేసే జబ్బు. అప్పటికే పాపిడి మీద రెండు వేళ్ల వెడల్పున కుదుళ్లు పోయాయి. అవి ఇక రావు.

నేను డాక్టర్ని కాను, బడిలో లెక్కలు చెప్తాను. మందుల చీటీ రాయడం నా పని కాదు. ఏ దారిలో పోతే ఏమవుతుందో, ముందు ఏది తేల్చుకోవాలో మాత్రం ఒకసారి దెబ్బ తిన్నదాన్ని కాబట్టి చెప్పగలను.

ముందు ఒక్క ప్రశ్న: కుదురు బతికుందా?

జుట్టు రాలడం అందరికీ ఉంటుంది. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పు అయిన మూడు నెలలకు గుప్పెళ్ల కొద్దీ ఊడుతుంది. చూస్తే గుండె జారిపోతుంది గానీ, చాలామందికి అది కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. అందులో మామూలుగా తల మంట ఉండదు, పొలుసులు ఉండవు, ఒకచోటే పలచబడడం ఉండదు.

ఇక్కడ చెప్పేది ఆ రాలడం గురించి కాదు. కుదురు చుట్టూ వాపు వచ్చి, దాంతో జుట్టు పోయే జబ్బుల గురించి. వీటిలో రెండు జాతులున్నాయి. ఒకదాంట్లో వాపు వచ్చినా కుదురు బతికే ఉంటుంది, వాపు తగ్గితే జుట్టు మళ్లీ వస్తుంది. రెండోదాంట్లో వాపు కుదురును తినేసి ఆ చోట మచ్చ కట్టేస్తుంది. గడ్డి కోస్తే మళ్లీ మొలుస్తుంది, సిమెంటు పోస్తే మొలవదు. మందులు, ఖర్చు, తొందర అన్నీ మీది ఏ జాతి అన్నదాన్ని బట్టే ఉంటాయి. నేను ఆ ఒక్క ప్రశ్న అడగకుండానే డబ్బు కట్టాను.

ఇంట్లో కొంతవరకు చూసుకోవచ్చు. పగటి వెలుతురులో, ఫోన్ టార్చి వేసి, ఇంకొకరితో పలచబడిన చోట ఫొటో తీయించుకుని పెద్దది చేసి చూడండి. చర్మం మీద చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తుంటే ఆశ ఉంది. రంధ్రాలు లేకుండా గాజులా నున్నగా మెరుస్తుంటే, లేదా ఒకే రంధ్రంలోంచి బొమ్మ తలకు కుట్టినట్టు ఐదారు వెంట్రుకలు గుత్తిగా వస్తుంటే ఆలస్యం చేయొద్దు. ఇంకో మాట. గూగుల్‌లో కనిపించే ఫొటోల్లో ఎర్రగా ఉంటుంది, మన రంగు చర్మం మీద అంత ఎరుపు తేలదు. గోధుమ రంగుగానో వంకాయ రంగుగానో కనిపిస్తుంది. ఎరుపు లేదు కదా అని నేను కూడా ఊరుకున్నాను.

ఒకదానికొకటి పోలినవి

చుండ్రు ముదిరితే సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు. జిడ్డుగా, పసుపు పొట్టుగా తలంతా పరుచుకుంటుంది. కనుబొమలు, ముక్కు పక్కలు, చెవుల వెనక కూడా పొట్టు లేస్తుంది. దురద ఎక్కువ, మంట తక్కువ. దీంతో గుండ్రంగా ఖాళీలు పడవు. నాకు వచ్చిన లైకెన్ ప్లానోపిలారిస్‌లో పొట్టు తలంతా ఉండదు. ఒక్కో వెంట్రుక మొదట్లో చిన్న కాలరు తొడిగినట్టు అంటుకుని ఉంటుంది. దురదకంటే మంట, నొప్పి ఎక్కువ. దువ్వెన తగిలితే జివ్వుమంటుంది. ఎక్కువగా నలభై దాటిన ఆడవాళ్లకు, నడినెత్తిన వస్తుంది. కొందరికి బుగ్గల లోపల తెల్లటి జాలీ గీతలు, గోళ్ల మీద గాట్లు కూడా ఉంటాయి. డాక్టరమ్మ నన్ను నోరు తెరవమంటే పళ్ల డాక్టర్‌లా ఇదేంటి అనుకున్నా. ఆమె వెతికింది ఆ గీతల కోసం.

ఇదే జబ్బుకు చెల్లెలు లాంటిది ఇంకొకటుంది. నుదుటి మీద జుట్టు అంచు పట్టీలా వెనక్కి జరుగుతూ పోతుంది, కనుబొమలు కూడా పలచబడతాయి. దీన్ని 1994లో ఆస్ట్రేలియా డాక్టరు కొస్సార్డ్ మొదట వర్ణించాడు. ఫ్రాంటల్ ఫైబ్రోసింగ్ అలోపేషియా అని పేరు. బహిష్టులు ఆగిన ఆడవాళ్లలో ఎక్కువ. జడ బిగించి వేసుకోవడం వల్ల నుదురు పెద్దదైందని మా ఇళ్లలో అనేస్తారు. బిగుతు జడ వల్ల కూడా అంచు జుట్టు పోతుంది, నిజమే. కానీ దాంతో కనుబొమలు పోవు.

పేనుకొరుకుడు మీకు తెలిసిందే. రాత్రికి రాత్రి నున్నగా గుండ్రటి ఖాళీ, పొట్టు లేదు, నొప్పి లేదు. పేను కొరకడం వల్ల కాదు, మన ఒంటి రక్షణ కణాలే కుదురు మీద పడడం వల్ల వస్తుంది. ఇక్కడ కుదురు చావదు. ఒకటి రెండు ఖాళీలే ఉంటే ఏడాదిలోపు ఏ మందూ లేకుండా తిరిగి మొలిచేవాళ్లు బోలెడుమంది. అందుకే ఏ పసరు రాసినా పనిచేసినట్టే కనిపిస్తుంది. గురివింద గింజ నూరి రాసే అలవాటు ఇంకా ఉంది. ఆ గింజ విషం, పొరపాటున పిల్లల నోట్లో పడితే ప్రాణం మీదికొస్తుంది. వెల్లుల్లి రుద్ది బొబ్బలెక్కించుకున్న మా చిన్నమ్మ కొడుకును నేనే చూశాను. బొబ్బ మానింది, జుట్టు దాని టైముకి అది వచ్చింది.

పిల్లల తలలో పొట్టుతో ఖాళీ పడి, వెంట్రుకలు మొదట్లోనే విరిగి నల్ల చుక్కల్లా కనిపిస్తే పేనుకొరుకుడు కాదు, తల తామర అయ్యుండొచ్చు. ఇది ఫంగస్. ఒక్కోసారి మెత్తగా చీము పట్టిన గడ్డలా లేచి, చూడగానే కోయించాలేమో అనిపిస్తుంది. కోయించొద్దు. పైన రాసే క్రీము కూడా చాలదు, ఎందుకంటే ఫంగస్ వెంట్రుక లోపల ఉంటుంది. గ్రిసియోఫుల్విన్, టెర్బినాఫిన్ లాంటి మందు కొన్ని వారాలు మింగాల్సిందే. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన మిక్స్ క్రీములు రాస్తే దురద తగ్గి ఫంగస్ పెరుగుతుంది. ఆలస్యం చేసినా, గడ్డ పెద్దదైనా ఇది కూడా మచ్చ కట్టగలదు. ఇంట్లో మిగతా పిల్లల తలలు కూడా చూడండి, దువ్వెనలు వేరు చేయండి.

సోరియాసిస్‌లో పొలుసు దట్టంగా, వెండి రంగులో, జుట్టు అంచు దాటి నుదుటి మీదికి దిగుతుంది. మోచేతులు, మోకాళ్లు కూడా చూసుకోండి. రంగు వేసుకున్న రెండు మూడు రోజుల్లో తల ఉబ్బి, రసి కారి, చెవుల మీదికి పాకితే హెయిర్ డైలో ఉండే పీపీడీ అనే రసాయనం పడలేదన్నమాట. బ్లాక్ హెన్నా అని అమ్మేవాటిలోనూ అదే కలిపి ఉండొచ్చు. డై ఆపితే చాలావరకు తగ్గుతుంది.

మచ్చ కట్టే జాతిలో ఇంకా రెండు. డిస్కాయిడ్ లూపస్‌లో మచ్చ మధ్య తెల్లబడి, అంచు నల్లబడి, పొలుసు గట్టిగా అంటుకుని ఉంటుంది. చెవుల్లో, ముఖం మీద కూడా వస్తుంది, ఎండ తగిలితే రేగుతుంది. లూపస్ అంటే మన రక్షణ కణాలే మన ఒంటి మీద పడే జబ్బు. వీళ్లలో కొద్దిమందికి ఒంట్లోపలి లూపస్ ఉంటుంది కాబట్టి రక్తం, మూత్రం పరీక్షలు చేయిస్తారు. రెండోది చీముపొక్కులతో వచ్చే ఫాలిక్యులైటిస్ డెకాల్వన్స్. గుత్తి వెంట్రుకలు ఎక్కువగా దీంట్లోనే కనిపిస్తాయి. హెల్మెట్ వల్ల వచ్చిన కురుపులనుకుని ఐదు రోజుల యాంటీబయాటిక్ కోర్సులు నాలుగైదు మార్చేసి వస్తారు. అయినవాటికి, కానివాటికి హెల్మెట్‌నూ, బోరు నీళ్లనూ తిట్టడం మన ఊళ్లో అలవాటే. ఆ నీళ్లు జుట్టును గరుకు చేయొచ్చు, విరగ్గొట్టొచ్చు, అంతే. మచ్చలు కట్టించవు.

బయాప్సీ చేయించాలా వద్దా

పేనుకొరుకుడు, చుండ్రు, డై అలర్జీలకు మామూలుగా అవసరం లేదు. అనుభవమున్న స్కిన్ డాక్టరు డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దది చేసి చూపే లైటు భూతద్దం) పెట్టి చూస్తే చాలు. తామర అనుమానం ఉంటే వెంట్రుక, పొట్టు గీరి పరీక్ష చేస్తారు. కానీ మచ్చ కట్టే జాతి అని అనుమానం వస్తే నా ఓటు బయాప్సీకే. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మింగాల్సిన మందులవి. పేరు తెలియకుండా మొదలుపెట్టడం ఎందుకు?

భయపడతారు గానీ పని చిన్నదే. మత్తు సూది ఇచ్చేటప్పుడు మండింది, తర్వాత ఏమీ తెలియలేదు. నాలుగు మిల్లీమీటర్ల గొట్టం లాంటి పరికరంతో ముక్క తీస్తారు. ఒక కుట్టు వేసి, వారం పది రోజులకు విప్పుతారు. నాకు అర్థమైన ముఖ్యమైన సంగతి ఏంటంటే, ముక్క నున్నగా పోయిన చోటినుంచి తీస్తే లాభం లేదు. అక్కడ మచ్చే తప్ప ఆధారం మిగలదు. మంట ఉండి, వెంట్రుకలు ఇంకా ఉన్న అంచునుంచి తీయాలి. వీలైతే రెండు ముక్కలు తీసి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా కోసి చూస్తే కచ్చితత్వం పెరుగుతుంది. లూపస్ అనుమానం ఉంటే ఇంకో ప్రత్యేక పరీక్షకు కూడా పంపుతారు. "ఎక్కడినుంచి తీస్తున్నారు మేడమ్" అని అడగడంలో తప్పులేదు.

రక్త పరీక్షల్లో ఐరన్, థైరాయిడ్ చూడడం మంచిదే. కాకపోతే బయోటిన్ బిళ్లలు వేసుకుంటుంటే ముందే చెప్పండి. అవి థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలవు.

మందుల్లో ఏది దేనికి

చుండ్రుకు కీటోకోనజోల్ షాంపూ చాలు. దాన్ని మామూలు సబ్బులా రుద్ది కడిగేస్తే పనిచేయదు, మాడుకు పట్టించి ఐదు నిమిషాలు ఉంచాలి. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. చుండ్రు ఉన్నంతకాలం రాత్రిపూట నూనె నింపడం ఆపండి. చుండ్రును పెంచే ఫంగస్‌కు తిండి నూనే. ఈ మాట మా అత్తమ్మతో అంటే నెలరోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

పేనుకొరుకుడు చిన్నదైతే ఆగి చూడడం కూడా ఒక ఎంపికే. ఆగలేనివాళ్లకు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఖాళీ పడిన చోటికే సన్నటి సూదులతో ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. పిల్లలకు సూదులకంటే పూత మందే నయం. సగం తలకు పైగా పోయినవాళ్లకు ఈమధ్య రక్షణ కణాల దాడిని అణిచే జేఏకే మందులు వచ్చాయి. అమెరికాలో బారిసిటినిబ్‌కు 2022లో, రిట్లెసిటినిబ్‌కు 2023లో అనుమతి వచ్చింది. పనిచేస్తాయి, కానీ ఆపితే చాలామందికి మళ్లీ రాలుతుంది. ఇన్ఫెక్షన్ల భయం ఉంది, రక్తం గడ్డలు కట్టే హెచ్చరిక ఉంది. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష లేకుండా ఎవరైనా రాసిస్తే ఆ చీటీ పక్కన పెట్టి ఇంకొకరిని అడగండి.

మచ్చ కట్టే జాతిలో లెక్క వేరు. ఇక్కడ మందు పోయిన జుట్టును తేదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. ఇది ఒప్పుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఒప్పుకోకపోతే మందు పనిచేయట్లేదని మధ్యలో మానేస్తాం. మంట తగ్గిందా, ఖాళీ పెరగడం ఆగిందా అన్నదే ఇక్కడ గెలుపు.

నాకు మొదట రాత్రిపూట క్లోబెటాసోల్ లోషన్, నెలకోసారి అంచుల్లో సూదులు, వాటితోపాటు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చారు. లోషన్ సులువు, చవక. కానీ గట్టి స్టెరాయిడ్, ముఖం మీదికి కారకూడదు, నెలల తరబడి సొంతంగా వాడితే చర్మం పలచబడుతుంది. సూది మందు సరిగ్గా అంచులో పడుతుంది, ఫలితం లోషన్‌కంటే తొందరగా తెలుస్తుంది. పది పన్నెండు పోట్లు ఉంటాయి, ఎక్కువైతే అక్కడ చర్మం గుంట పడుతుంది. ఖాళీ చిన్నదైతే ఈ రెండింటితో నెట్టుకురావచ్చు. చాలాచోట్ల ఉంటే, వేగంగా పాకుతుంటే లోపలికి మందు తప్పదు.

ఆ మందుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ నెమ్మది. రెండు మూడు నెలలకు గానీ తేడా తెలియదు. మోతాదు ఒంటి బరువును బట్టి, రోజుకు కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదలుపెట్టినప్పుడు ఒకసారి కంటి పరీక్ష చేయించాలి, ఐదేళ్లు దాటితే ఏటా. మెహిదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రిలో రెటీనా చూస్తారు, ప్రైవేటుకే పోవాలనేం లేదు. చీము ఉండే రకానికి డాక్సీసైక్లిన్ ముందు వరుసలో ఉంటుంది. లైకెన్ రకానికి కూడా ఇస్తారు, కాకపోతే అక్కడ సూక్ష్మజీవిని చంపడానికి కాదు, వాపు తగ్గించడానికి. నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంట పడుకోకుండా ఉండాలి, లేకపోతే గొంతులో పుండు పడుతుంది. ఎండకు చర్మం మాడుతుంది. గర్భిణులకు వద్దు. ఇవి చాలకపోతే మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్ లాంటివి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. రోజు పేరు డబ్బా మీద తెలుగులో రాసుకోండి. నుదుటి అంచు రకానికి ఫినాస్టెరైడ్, డుటాస్టెరైడ్ వాడతారు, పిల్లలు కావాలనుకునే వయసులో ఆడవాళ్లు అవి తీసుకోకూడదు. లూపస్ ఉన్నవాళ్లకు ఎండ టోపీ కూడా మందే. సిగరెట్ తాగేవాళ్లకు లూపస్ ముదురుతుంది, మందూ సరిగా పట్టదు.

మినాక్సిడిల్, పీఆర్పీలను నేను తిట్టను. బట్టతలకు, జుట్టు పలచబడడానికి మినాక్సిడిల్ మంచి మందే. మచ్చ కట్టే జబ్బులో అది వాపును ఆపదు, మిగిలిన కుదుళ్లకు ఊతం ఇస్తుంది, అంతే. మంట రగులుతున్న తలకు పీఆర్పీ ఒక్కటే పెట్టి కూర్చోవడం నా అనుభవంలో డబ్బు కంటే టైము వృథా. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ మాట ఎవరైనా తెస్తే, జబ్బు కనీసం ఏడాది రెండేళ్లు పూర్తిగా అణిగి ఉందా అని అడగండి. లేకపోతే నాటిన జుట్టూ పోతుంది. యాదగిరిగుట్టలో గుండు కొట్టించుకుంటే ఒత్తుగా వస్తాయని నాకూ చెప్పారు. మొక్కు ఉంటే తీర్చుకోండి. కత్తి పైన గీస్తుంది, కుదురు లోపల ఉంది.

ఎవరి దగ్గరికి

అమీర్‌పేట్ నుంచి కూకట్‌పల్లి దాకా మెట్రోలో పోతే కిటికీలోంచి ఎన్ని హెయిర్ క్లినిక్ బోర్డులు కనిపిస్తాయో లెక్కలేదు. వాటిలో మంచివీ ఉన్నాయి. నేను ఇప్పుడు అడిగేవి మూడే మాటలు: చూసేది ఎండీ లేదా డీడీవీఎల్ చదివిన స్కిన్ డాక్టరేనా, డెర్మోస్కోప్ ఉందా, అవసరమైతే బయాప్సీ చేస్తారా. మొదటి రోజే కౌన్సెలర్ అనే అమ్మాయి ప్యాకేజీ రేట్ల కాగితం తీస్తే, ఇంట్లో అడిగి చెప్తానని లేచి వచ్చేయడం మేలు.

డబ్బు ఇబ్బంది ఉంటే అఫ్జల్‌గంజ్ ఉస్మానియా, ముషీరాబాద్ గాంధీ ఆసుపత్రుల్లో స్కిన్ ఓపీలు ఉన్నాయి. పొద్దున్నే పోవాలి, లైను ఉంటుంది, డాక్టరు మీతో ఎక్కువసేపు మాట్లాడకపోవచ్చు. ఇలాంటి అరుదైన జబ్బులు చూసిన కళ్లు మాత్రం అక్కడ ఎక్కువ. మెడికల్ కాలేజీ ఆసుపత్రులు కాబట్టి పీజీ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తల చూస్తారు. మొహమాటపడకండి, ఆ చూపుల్లో ఒకటి మీ జబ్బు పేరు పట్టుకోవచ్చు. నాకు ఇప్పుడు ప్రైవేటు డాక్టరమ్మ ఆరు వారాలకోసారి చూస్తుంది, ఆమె కోసం గంట ఎదురుచూసినా నాకు సరిపోయింది.

పోయేటప్పుడు పాత ఫొటోలు ఫోన్‌లో ఒకచోట పెట్టుకోండి, నెలనెలా ఒకే చోట, ఒకే వెలుతురులో తీసినవైతే మరీ మంచిది. వాడిన షాంపూలు, రంగులు, మాత్రల పేర్లు కాగితం మీద రాసుకోండి. నల్లటి ఫైబర్ పౌడర్ చల్లుకుని వెళ్లకండి. నేను మొదటిసారి ఆ డాక్టరమ్మ దగ్గరికి చక్కగా నూనె పెట్టి, జడ వేసుకుని పోయాను. ఆవిడ డెర్మోస్కోప్ ఆనించి, తీసి, అద్దం తుడిచి మళ్లీ ఆనించి, "రేపు తలస్నానం చేసి రామ్మా, నూనె తప్ప ఇంకేం కనిపించట్లేదు" అంది.